అక్క తాగని నీళ్ళు

మా చిన్నప్పుడు... మధ్యాహ్నం గంట కొట్టగానే పిల్లలంతా పలకలు పట్టుకుని అక్క చుట్టూ మూగేవాళ్ళు. అక్క తన నీళ్ళ సీసా వంచి ఒక్కో పలక మీద కాసిని నీళ్ళు పోసేది. వాళ్ళు గౌను అంచులతో, చొక్కా చేతులతో తుడుచుకునేవాళ్ళు. సీసా ఖాళీ అయ్యేదాకా పోస్తూనే ఉండేది... తను మాత్రం ఒక్క గుక్క కూడా తాగేది కాదు.

మాది తర్లుపాడు దగ్గర ఒక పల్లె. నాయన మార్కాపురంలో పలకల కార్ఖానాలో చెక్క చట్రాలు బిగించే పని చేసేవాడు. అంచు విరిగిన పలకలు ఇంటికి తెచ్చేవాడు కాబట్టి మాకు పలకలకు కరువు లేదు... కరువంతా నీళ్ళకే. బోరు నీళ్ళు ఉప్పగా ఉండేవి. అమ్మ పొద్దున్నే చేని బావికి పోయి తాగే నీళ్ళు రెండు బిందెలు మోసుకొచ్చేది.

ఆ నీళ్ళతోనే మా ఇద్దరికీ రెండు గాజు సీసాలు నింపేది. చల్లగా ఉండాలని చుట్టూ గోనెగుడ్డ కుట్టి, దాన్ని తడిపి పంపేది. మా వైపు ఎండలు తెలిసినవే కదా... నీళ్ళు తాగక పిల్లలు ఎక్కడ సొమ్మసిల్లి పడతారోనని అమ్మకు ఒకటే భయం. అందుకే సాయంత్రం మేం రాగానే సీసాలు తలకిందులు చేసి చూసేది. చుక్క రాలకపోతే చేతిలో బెల్లం ముక్క. నీళ్ళు మిగిలితే ఏమీ లేదు.

అక్కకు రోజూ బెల్లం వచ్చేది.

అక్క ఎందుకు తాగేది కాదో నాకు తెలుసు. మా బడిలో మరుగుదొడ్డి లేదు. ఆడపిల్లలం బడి వెనక కంపచెట్ల చాటుకు పోవాలి. ఒకరోజు అక్క అక్కడ కూర్చున్నప్పుడు, రోడ్డు మీద ఆగిన లారీ పైనుంచి ఎవరో చూసి నవ్వారు. ఆ మర్నాటి నుంచి అక్క బడిలో నీళ్ళు ముట్టలేదు. అప్పటికి తను ఐదో తరగతి, నేను మూడు.

"తాగితే పోవాల గదా... యాడికి పోవాల?" అంది నేను అడిగితే. తన బెల్లం ముక్క సగం విరిచి నా చేతిలో పెట్టింది. "అమ్మకు చెప్పొద్దు చిన్నమ్మీ."

చెప్పలేదు. బెల్లం తిన్నాను... రోజూ తిన్నాను.

ఆ ఏడు వేసవి సెలవులకు ముందే అక్కకు జ్వరం పట్టుకుంది. ఒంటికి పోయేటప్పుడు మంట అని ఏడ్చేది. వేడి చేసిందని అమ్మ మజ్జిగ తాపింది, సగ్గుబియ్యం జావ కాచింది. తగ్గకపోతే నాయన మమ్మల్నందరినీ బస్సెక్కించి మార్కాపురం తీసుకుపోయాడు. డాక్టరు అడిగిన మొదటి మాట... పిల్ల నీళ్ళు సరిగా తాగుతుందా అని.

"ఎందుకు తాగదు సార్. సీసా ఖాళీ చేసుకోనే వస్తాది. దినామూ నేనే చూస్తా," అంది అమ్మ, కాస్త గర్వంగానే.

అక్క నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. డాక్టరు ఇంకేమీ అడగకుండా మందులు రాశాడు. అప్పుడు నేను నోరు తెరిచి ఉంటే... అని ఇప్పటికీ కుమిలిపోతూ ఉంటాను.

జ్వరం తగ్గింది. మళ్ళీ వచ్చింది. హైస్కూల్లో మరుగుదొడ్డి ఉండేది గానీ దానికి ఎప్పుడూ తాళమే. పెళ్ళయ్యే నాటికి ఆ జ్వరం, ఆ మంట అక్కకు అలవాటైపోయాయి.

ఇప్పుడు అక్క కిడ్నీలు రెండూ పాడయ్యాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్. చిన్నప్పుడు నీళ్ళు తాగకపోవడమే కారణమా అని అడిగాను. అదొక్కటే అని చెప్పలేమమ్మా అన్నాడు డాక్టరు. కాదని కూడా అనలేదు.

ఎక్కువ తాగితే ఒంట్లో నీరు చేరుతుందని, ఇప్పుడు అక్కకు నీళ్ళు కొలత ప్రకారమే. పొద్దున ఒక చిన్న సీసాలో పోసుకుంటుంది... రోజంతటికీ అవే. నాలుక పిడచకట్టుకుపోతున్నా గుక్క గుక్కే తాగాలి. మొన్న నేను వెళ్ళినప్పుడు ఆ సీసా వైపే చూస్తూ, "బడి పిల్లోళ్ళందరి పలకలకూ పోసినా గదా... ఆ నీళ్ళన్నీ ఇప్పుడు గుర్తుకొస్తాన్నాయి," అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మా పాప మార్కాపురంలోనే రెండో తరగతి. స్టీలు సీసా రోజూ ఖాళీగా తెస్తుంది. నేనొక చాక్లెట్ ఇస్తాను... అమ్మ బుద్ధే నాకూ వచ్చింది. పోయిన వారం ఫోన్లో ఈ సంగతి అక్కకు గొప్పగా చెప్పాను.

"ఖాళీ సీసా చూసినావు... తాగేది చూసినావా?" అంది అక్క.

ఆ సాయంత్రం పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని అడిగాను. తిట్టనని నా చేత ఒట్టు పెట్టించుకున్నాకే చెప్పింది. బడి బాత్రూమ్‌కు లోపల గడియ లేదట. పిల్లలు తలుపు తోసుకుని వచ్చేస్తారట. అందుకని ఇంటికి బయల్దేరే ముందు నీళ్ళన్నీ చేతులు కడిగే తొట్లో పోసేస్తుందట.

"నువ్వు చాక్లెట్ ఇస్తావు గదమ్మా..." అంది.

మర్నాడే బడికి వెళ్ళాను. గడియ పెట్టిస్తామన్నారు. రోజూ వెళ్ళి అడుగుతూనే ఉన్నాను.

కాలం మారింది... గోనెగుడ్డ సీసా పోయి స్టీలు సీసా వచ్చింది. కంపచెట్ల చాటు పోయి బాత్రూమ్ వచ్చింది. గడియ ఒక్కటే ఇంకా రాలేదు.

మీ పిల్లల సీసా కూడా ఖాళీగా వస్తుంటే, సంతోషపడే ముందు ఒక్కసారి అడిగి చూడండి. మీరూ చిన్నప్పుడు ఇలా ఎక్కడైనా పారబోసి ఉంటే ఇక్కడ చెప్పుకోండి... మనసు కాస్త తేలికవుతుంది.

అమ్మ ఇప్పటికీ అంటుంది, "నా పెద్దబిడ్డ నీళ్ళు బాగా తాగేది... దానికే ఎందుకొచ్చిందో ఈ రోగం," అని. ఇక్కడ ఇంతమందికి చెప్పాను... అమ్మకు మాత్రం ఇంకా చెప్పలేదు.