ముగ్గురం కూర్చున్న బల్ల

గాట్‌హిల్ఫ్ హేఫెలె లేత్ మిషను ముందు నిలబడితే ఇనుము కూడా చెప్పినమాట వినేది. వాడి నోరు మాత్రం వాడి మాట వినేది కాదు. జర్మనీలో నెక్కార్ నది ఒడ్డున మా కుట్టుమిషన్ల ఫ్యాక్టరీలో పదిహేనేళ్లు పక్కపక్కన పనిచేశాం. శనివారం సాయంత్రం బీరుకొట్టులో మూలబల్ల మాది: వాడు, వాడి తమ్ముడు ఎబర్‌హార్ట్, నేను. ఆ బల్ల దగ్గర అన్న మాట ఆ బల్ల దాటకూడదు. అది మా తాతల నాటి కట్టుబాటు.

పందొమ్మిదివందల ముప్ఫైనాలుగు చివర్లో ఫ్యాక్టరీలో కుట్టుమిషన్లు తగ్గి, ఫిరంగి గుండ్ల తొడుగులు పెరిగాయి. పోయిన యుద్ధంలో ఓడాక మా దేశం చేత సంతకం పెట్టించిన వెర్సాయ్ సంధి ప్రకారం మేం వాటి జోలికే పోకూడదు. బయట నోరు విప్పితే దేశద్రోహమని గోడకు కాగితం అంటించారు.

"మనం చేసే కుట్టుమిషను పది కిలోమీటర్ల అవతలున్నవాణ్ణి కూడా కుట్టేస్తుందిరా," అన్నాడు గాట్‌హిల్ఫ్ ఒక శనివారం, సాసేజీ నములుతూ.

"మెల్లగా అన్నయ్యా. గోడలకు చెవులుంటాయి," అన్నాడు ఎబర్‌హార్ట్.

"ఉండనీరా. పోయిన యుద్ధంలో రెండు వేళ్లు ఇచ్చొచ్చాను. మిగతా ఎనిమిదీ నాక్కావాలి."

అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే.

జనవరిలో పోలీసులు నన్ను పిలిచారు. కొట్టారని చెప్పుకోవాలని ఉంది. కొట్టలేదు, కాఫీ ఇచ్చారు. ఫ్యాక్టరీలో వాగేదెవరని ఒక్కసారే అడిగారు. పెళ్లానికి నెలలు నిండాయని, ఉద్యోగం పోతే ఎలాగని తర్వాత నాకు నేను సవాలక్ష చెప్పుకున్నాను. అదంతా ఒట్టి మాట. భయపడ్డాను, అంతే. ఆ కుట్టుమిషను మాట పొల్లుపోకుండా అప్పజెప్పి, సంతకం పెట్టాను. మర్నాడే గాట్‌హిల్ఫ్‌ని పట్టుకుపోయారు.

మార్చిలో ప్రభుత్వమే రేడియోలో చాటింది: సంధి లేదు గింధి లేదు, మాకు సైన్యముంది, ఇంకా పెంచుతాం అని. ఊరంతా జెండాలు కట్టారు. సిగ్గులేని నేనూ ఒకటి కట్టాను. ఇక రహస్యమే లేదు కదా, వాణ్ణి వదిలేస్తారనుకుని ఠాణాకు వెళ్లి అడిగాను.

"అతను అన్నరోజున రహస్యమే కదండీ," అన్నాడు గుమాస్తా, తలెత్తకుండా.

రెండేళ్లకు గాట్‌హిల్ఫ్ జైలు నుంచి వచ్చాడు, పళ్లూడిపోయి, ముసలాడై. చూడ్డానికి వెళితే నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆ మాట విన్నది మీరిద్దరే. నువ్వు నాకోసం ఠాణాకి కూడా వెళ్లావట. అంటే చెప్పింది మా తమ్ముడే."

కాదని ఒక్క ముక్క అంటే సరిపోయేది. అనలేదు. ఆరోజు నుంచి వాడు తమ్ముడి గడప తొక్కలేదు, తన గడప తొక్కనివ్వలేదు.

ఒక ఆదివారం చర్చి బయట ఎబర్‌హార్ట్ నన్ను ఆపాడు.

"మూడులోంచి రెండు పోతే ఎంత మిగులుతుందో నాకూ తెలుసు, ఆయ్‌గెన్."

"చెప్పేస్తాను. ఇవాళే వెళ్లి చెప్పేస్తాను," అన్నాను.

"చెప్పకు. అన్నయ్యకి తమ్ముడు ఎలాగూ పోయాడు. స్నేహితుడైనా మిగలనీ. రోజూ వెళ్లు, పేకాడు. మానేశావంటే మాత్రం ఊరుకోను."

గాట్‌హిల్ఫ్ ఇంకో పదకొండేళ్లు బతికాడు. రోజూ వెళ్లాను. రోజూ తనే తలుపు తీసేవాడు.

"రారా. నాకంటూ మిగిలింది నువ్వొక్కడివే," అనేవాడు.