ఎడమచేతిలో డస్టర్

మా లెక్కల సారు కుడిచేత్తో బోర్డు మీద రాస్తూనే ఎడమచేతిలోని డస్టర్‌తో తుడిచేసేవాడు. "గిది తెలిసిందే గదా" అనేవాడు, ఎవరికి తెలుసో చూడకుండానే. సిద్దిపేటలో డిగ్రీ మొదటి ఏడాదంతా నేను చూసింది ఆయన వీపునే. ఆ వీపు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

చేరిన వారంలోనే, ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి మర్కూక్ అనే ఊరి నుంచి రోజూ బస్సులో వస్తున్న ఒక అమ్మాయి లేచి నిలబడింది.

"సార్, ప్రతి లెక్కకు ముందుగాల 'లెట్ ఎక్స్' అని రాస్తున్నరు. లెట్ అంటే ఏంది సార్?"

సారు మొదటిసారి మా వైపు తిరిగాడు. "లేట్ తెల్వదా? రోజూ నీ బస్సు అయితది సూడు, గదే!"

క్లాసంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. దసరా సెలవుల తర్వాత ఆ అమ్మాయి మళ్లీ రాలేదు. "మొదటి ఏడాదే సగం మంది రాలిపోవాలె. గప్పుడే సబ్జెక్టుకు ఇజ్జత్" అని ఆయన గర్వంగా చెప్పుకునేవాడు.

ఇప్పుడు అదే కాలేజీలో నేను లెక్కలు చెబుతున్నాను. మొదటి సెమిస్టర్ పాఠాలు తిరగరాసే పని నాకు అప్పజెప్పి, సలహా కోసం రిటైరైన ఆయన్ను పిలిపించారు. నా పాఠంలో మొదటి వాక్యం చదివాడు: 'లెట్' అంటే 'అనుకుందాం' అని అర్థం. వెంటనే జేబులోంచి పెన్ను తీసి కొట్టేయబోయాడు.

"గిది తెలిసిందే గదా!"

కాగితం లాక్కున్నాను.

"తెల్వదు సార్. ఆ రోజు నవ్విన నాక్కూడా తెల్వదు."