పచ్చ లడ్డూ

పోయిన నెల ఓ పొద్దున్నే ల్యాబ్ వాట్సాప్ గ్రూపులో హిందీలో రెండు ముక్కలు: మేడం ఇక లేరు. జియా సరాయ్‌లో నా అద్దె గదిలో పాలు పొంగిపోతుంటే చూస్తూ నిలబడిపోయాను.

ఆవిడ తెలుగువారే, నా పీహెచ్‌డీ గైడు. మిఠాయిల్లో కలిపే సింథటిక్ రంగుల్ని పట్టుకోవడం మా పని. ముందు ఆ రంగును బయటికి లాగాలి. చాలామంది క్లోరోఫాంలాంటి ఘాటు సరుకుతో లాగుతారు. మేడం మాత్రం పిప్పరమెంటు పువ్వు, వాము పువ్వు కలిపేవారు. రెండూ గట్టి పలుకులే, కలిస్తే నూనెలా కరుగుతాయి. లడ్డూ కలిపిన నీళ్ళ మీద ఆ నూనె పోసి ఊపితే రంగు అందులోకి ఎక్కాలి. అజీర్తికి మన ఇళ్ళల్లో వాడేవేగా, పీల్చినా భయం తక్కువ అనేవారు. ల్యాబ్‌లోకి రాగానే కిటికీలు తెరిచేవారు, చలికాలం పొగలో కూడా. మేం దగ్గుతూ పనిచేసేవాళ్ళం.

చేరిన కొత్తలో, సరోజినీ నగర్ బజారు నుంచి పచ్చ లడ్డూలు పట్రమ్మన్నారు. వెతికి వెతికి పిస్తా రంగువి తెచ్చాను. ఆవిడకి కావలసినవి పసుపువి. నెత్తి కొట్టుకుని, ఆనక కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు.

"మనకి ఆకూ పచ్చే, పసుపూ పచ్చేనమ్మాయ్. కంటితో చూసి పేరు పెట్టకు, కొలిచి చెప్పు."

అప్పట్నుంచీ నన్ను 'పచ్చా' అనే పిలిచేవారు. హిందీవాళ్ళు అది 'బచ్చా' అనుకున్నారు.

పోయినేడు ఆవిడ కళ్ళే పచ్చబడ్డాయి. లివర్ అన్నారు. అప్పటికే నా ఫెలోషిప్ గడువు ముంచుకొస్తోంది, మా పద్ధతేమో మొండికేసింది. రంగు సగమే పైకొచ్చేది. ఆసుపత్రికి వెళ్ళి, క్లోరోఫాంతో ముగించేస్తానని బతిమాలాను. ఆవిడ దిండుకి ఆనుకుని లేచి కూర్చున్నారు.

"నేను చదువుకునే రోజుల్లో కిటికీ లేని గదిలో అదే పీల్చాను. దానివల్లే ఈ జబ్బని డాక్టర్లు అనలేదు, నేనూ అనను. రుజువు లేదు. కానీ నా చేతుల్తో ఆ సీసా నీకివ్వనమ్మాయ్."

ఒళ్ళు మండిపోయింది. బస్సులో దారంతా తిట్టుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఏడుపొస్తోంది. ఈ ఊళ్ళో నా డిగ్రీ గురించి కాకుండా నా గురించి ఆలోచించిన మనిషి ఆవిడొక్కరే.

కొత్త గైడు మంచాయనే. నిన్న క్లోరోఫాం సీసా నా బల్ల మీద పెట్టి, ఠీక్ హై, ఇక ముగించెయ్ అన్నారు. తప్పేం లేదు. నాకూ ఓపిక చచ్చిపోయింది. వద్దనే మనిషీ లేదు. అయినా మూత తియ్యబుద్ధి కాలేదు. సీసా పక్కకి జరిపి, మళ్ళీ ఆ నూనే కలిపాను. గాజు గొట్టంలో లడ్డూ పచ్చ ఇంకా అడుగునే ఉంది. చెయ్యి పీకుతోంది. ఊపుతున్నాను.