గేటు దగ్గర పెద్ద మోటారు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో ఏ యంత్రాన్ని చూసినా 'ఇది ఇలా ఎందుకుంది?' అని నాకు ఒకటే దురద. (ఇప్పుడు పుట్టదు, పుట్టినా ఇంకొకరిని చూడమంటాను.) కోయిలకుంట్ల దగ్గరి మా క్రషర్లో కంకర మోసే కన్వేయర్ బెల్టుకు ఏనుగంత మోటారు ఉండేది. బెల్టేమో నాలుగు రాళ్లతో తాపీగా పోయేది. లాక్కున్న కరెంటు ఏపాటి పనికొస్తోందో చెప్పే పవర్ ఫ్యాక్టర్ మీటరు చూస్తే ముల్లు సగం దగ్గరే కునుకు తీస్తోంది.

"ఏం పాపా, ఏందది?" అన్నాడు యజమాని, మా అందరికీ పెద్దాయన. "పెద్ద మోటారుకు చిన్న పని ఇచ్చినాం సార్. లాక్కునే కరెంటులో శానా భాగం ఊరికే వచ్చి పోతాంది, పని చెయ్యడంల్యా." "మా బామ్మర్ది మాదిరి అను." "అవును సార్" అనేశాను. (ఆ బామ్మర్ది నా వెనకే ఉన్నాడని నాకేం తెలుసు!) చిన్న మోటారు బిగించి, ఆ ఊరికే తిరిగే కరెంటును అక్కడికక్కడే సర్దడానికి పక్కన కెపాసిటర్ పెడదామనేసరికి పెద్దాయన మొహం మాడిపోయింది. "పక్క క్రషరోడు చూస్తే నా పరువు యాడ పెట్టుకోవాల?" చివరికి ఒప్పుకున్నాడు గానీ, "బెల్టు నిలబడిందంటే సాయంత్రం బస్సుకే కడపకు పో" అని తేల్చేశాడు. కడపలో నాన్న, 'ఆడపిల్లకు క్రషర్లో ఏం పని?' అన్న మాట పట్టుకుని కూర్చున్నాడు.

బెల్టు నిండా కంకర పోసి స్విచ్చు వేశాం. మోటారు గుర్రుమంది. బెల్టు వణికింది గానీ కదల్లేదు. "యా అల్లా, కదులమ్మా" అన్నాడు ఫిట్టరు చాచా. కదిలింది! ముల్లు మెల్లగా పైకి పాకింది. పెద్దాయన కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. "కరెంటు తగ్గినా కంకర తగ్గలేదే!"

అయినా పరువు పరువే. పాత మోటారుకు రంగేయించి గేటు దగ్గర దిమ్మె మీద నిలబెట్టాడు. ఆయుధపూజ నాడు పూలదండ, కొబ్బరికాయ దానికే. లోపల అరుస్తూ తిరిగే చిన్న మోటారుకు కుంకుమ బొట్టే. "అన్యాయం సార్" అన్నాను. "దానికి పనుండాది గదా పాపా. పాపం, దీనికి ఈ దండ తప్ప ఏముండాది?"

మొన్న ఆఫీసులో, కరెంటు ఆదా చేయించానని నాకు శాలువా కప్పి దండ వేశారు. నేను మోటారు ముట్టుకుని ఏళ్లయింది. పనంతా చేసిన అమ్మాయి వెనక నిలబడి చప్పట్లు కొడుతోంది. గేటు దగ్గరి మోటారు గుర్తొచ్చి నవ్వాగలేదు. దండ తీసి ఆ పిల్ల మెళ్లో వేశాను. "ఎందుకు మేడం?" అంది కళ్లు పెద్దవి చేసి. ఆ 'ఎందుకు' ఒకప్పుడు నాది.