చుట్ట కాదు, చుట్టూ

అనంతగిరి కాఫీ నర్సరీలో మగ్దలేనమ్మ చెయ్యి ఒక్క నిమిషం ఊరుకోదు. మట్టి సంచుల్లోని మొక్కల్ని సర్దుతుంది, సర్దినవాటినే మళ్లీ సర్దుతుంది. ఒక మొక్క కుళ్లితే దాని పక్కవాటిని కూడా ఎత్తి వేర్లు చూస్తుంది. నాలుక మాటిమాటికీ అంగిలి మీది పుండును తడుముతుంది. ముప్పయ్యేళ్లు నిప్పు కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చిన మనిషి. నెల కిందట మానేసింది. సోమవారం ఆపరేషను. మొన్న విశాఖలో డాక్టరు, "క్యాన్సర్ పాకాలంటే చుట్టూ ఉన్న కణాలు దారివ్వాలమ్మా" అన్నాడు. "సుట్ట మానీసి నెల్లాళ్లయింది బాబూ!" అని ఆమె కసిరింది. "చుట్ట కాదు, చుట్టూ. గడ్డ పక్కనుండే మంచి కణాలు. కొన్ని దాన్ని అడ్డుకుంటాయి, కొన్ని దానికి లొంగి దారిస్తాయి" అని ఆయన విడమరిచి చెప్పాడు. అప్పటినుంచీ ఆమెకు కూర్చున్నచోట కుదురు లేదు. పుండు సంగతి సరే, దాని పక్కనున్నవి ఎటువైపో ఎవరు చెప్తారు?

ఈ మధ్యాహ్నం అన్నాలు తిన్నాక, పక్క వరసలో పనిచేసే అప్పలనరసమ్మ ఎప్పట్లాగే చుట్ట వెలిగించి ఆమె వైపు చాపింది. "ఒక్క దమ్ము లాగవే. సోమారం దాకా ఏటి బెంగ నీకు?"

మగ్దలేనమ్మ చెయ్యి సగం దాకా వెళ్లి, అక్కడే ఆగింది.

"నువ్వు నా సుట్టూ ఉన్నదానివి కదే, అప్పలనరసా," అంది. "దారివ్వకే."

అప్పలనరసమ్మకు ఆ మాట అర్థం కాలేదు. అయినా ఆ చేతిని చూసి, చుట్టను నిప్పు కొస కిందికి తిప్పి, మొక్క నాటినట్టు మట్టి సంచిలో గుచ్చేసింది.