బంధానికి ఒత్తు

మా కూతురి కూతురు మద్రాసులో పరిశోధన చేస్తోంది. రసాయన బంధాలను సూదితో తడిమి బొమ్మ తీసే యంత్రం దగ్గర దాని పని. మొన్న వేసవిలో తిరుత్తణిలో మా ఇంటికి వచ్చి ఒక కాగితం నా చేతిలో పెట్టింది. పైన బొమ్మ, కింద దాని చేతిరాతతో తెలుగులో కొన్ని వాక్యాలు.

"చదువు తాతా. నీకోసరమే రాసినా," అంది.

తెలుగులో రాయమన్నది నేనే. నేను బడికి పోయిందే తక్కువ, ఆ బడిలోనూ తమిళమే. తెలుగు అక్షరాలు పాత పంచాంగాలు పట్టుకొని నేర్చుకున్నాను. కెమిస్ట్రీ, తిరుపతిలో పాతపుస్తకాల అంగడిలో దొరికినవాటితో. ఇప్పుడు మా వీధిలో తెలుగు కాగితం ఏది వచ్చినా నా దగ్గరికి తెస్తారు, తెలుగువాళ్లే. మాకు తెలుగు బడి లేకుండా పోయిందన్న కోపం నాకు ఈనాటికీ తగ్గలేదు, తగ్గనక్కరలేదు కూడా. అందుకే ఇంట్లో చట్టం పెట్టాను: నాకు రాస్తే తెలుగులోనే రాయండి. పాటించింది అదొక్కతే.

మొదటి వాక్యంలోనే బంధానికి బదులు 'పందం' అని ఉంది. తమిళంలో ప, బలకు ఒకటే అక్షరం. ద, ధలకూ ఒకటే. తమిళం చదివిన చెయ్యి అట్లాగే రాస్తుంది. ఈ ముక్క ఇప్పుడు తోస్తోంది. అప్పుడు ఎర్ర పెన్ను తీసుకున్నాను.

"పరమాణువుల నడుమ పందెమా? యా గుర్రం గెలిచింది?"

పక్కనున్న మా అల్లుడు నవ్వాడు. నవ్వేవాళ్లు దొరికితే నాకు నోరు ఆగదు.

"ఒత్తు యాడ పాయె? ఒత్తు లేని బంధం ఏం బంధం? డాక్టరేటు ఇస్తారంట, అక్షరాలు రావు."

"తప్పే తాతా. ముందు బొమ్మ చూడు."

"బొమ్మ కంప్యూటరు గీస్తుంది. బంధాన్ని ఎవురు చూసినారు? పుస్తకంలో మన సౌకర్యానికి గీసుకున్న గీత అది."

"అదే కదా రాసినా. చదవరాదా?"

చదవలేదు, దిద్దాను. పందం కనబడిన ప్రతిచోటా సున్నా చుట్టాను. ఒక చుట్టు బొమ్మ మీదికి పోయింది. అది కాగితం వైపు చూసి, "సరి తాతా," అని లోపలికి పోయి వాళ్లమ్మ పక్కన ఉల్లిపాయలు తరుగుతూ కూర్చుంది.

మరునాడు దాన్ని రైలెక్కించడానికి తిరువళ్లూరు దాకా బస్సులో పోయాను. దారిలో ఎండ గురించి తప్ప మాట్లాడుకోలేదు. తిరిగి వచ్చేటప్పుడు, కనకమ్మ సత్రం దగ్గర బస్సు ఆగితే, జేబులోని కాగితం తీసి మొదటిసారి చదివాను.

సూది కొనకు ఒకే ఒక కార్బన్ మోనాక్సైడ్ అణువును తగిలిస్తారట. గాలి తీసేసిన గదిలో, ఊహకందని చలిలో, ఆ కొనను ఇంకో అణువు మీద తాకీతాకనట్టు నడుపుతారట. బంధం ఉన్నచోట ఎలక్ట్రాన్లు దట్టంగా ఉండి కొనను వెనక్కి నెడతాయి. ఆ నెట్టుడును వరుస వరుసగా పట్టుకుంటే బొమ్మ అవుతుంది. కొనన ఉన్న అణువు పక్కకు వాలుతుంది గనుక ఆ గీతలను పూర్తిగా నమ్మకూడదని కూడా రాసింది. నేను అడగవలసిన అనుమానం నాకంటే ముందు అదే అడిగి పెట్టింది. బొమ్మలో తేనెపట్టు గదుల్లాంటి గళ్లు. ఒక గడి నిండా నా ఎర్రసిరా.

చివరి వాక్యం ఇది: "ఎక్కువ ఒత్తితే అణువు జరిగిపోతుంది తాతా, మల్లా మొదటినుంచి వెతకాల." ఆ 'ఒత్తితే'లో ఒత్తు సరిగ్గానే పెట్టింది.

ఇల్లు చేరగానే ఫోన్ చేశాను.

"పాపా, ఆ పందం సంగతి ఇంకోసారి చెప్పు," అన్నాను, కావాలనే అట్లా పలికి.



"బాండ్ అనుకుందాం తాతా," అంది. "దానికి ఒత్తు లేదు గదా."

చాలాసేపు చెప్పింది, ఓపికగా, కొంత ఇంగ్లీషులో, కొంత తమిళంలో. నేను అడ్డం చెప్పలేదు. తెలుగులో చెప్పమనడానికి నోరు రాలేదు.