ఒకరికొకరు జామీను

సమీయుల్లా గోడలకు రంగులు వేస్తాడు. బోధన్ దగ్గరి పల్లె నుంచి ఒమన్‌కు వచ్చి చాలా ఏళ్లయింది. మస్కట్ శివారు మబేలాలో కంపెనీ ఇచ్చిన రూమ్‌లో ఉంటాడు. అల్ ఖౌద్‌లో మేముండే ఫ్లాటుకు రంగు వేయడానికి వచ్చినప్పుడు, మొదటి పూత ఆరేదాకా టీ తాగుతూ కూర్చుని, తాను యూరప్ చూసొచ్చానని చెప్పాడు. నేను నమ్మలేదనుకున్నాడేమో, ఫోన్‌లో ఫొటో తెరిచి చూపించాడు. పెద్ద నది, దాని మీద వంతెన, వీపులకు పెద్ద సంచులు తగిలించుకున్న ఇద్దరు మగవాళ్లు. ఒకడు తను. రెండోవాడు గంగన్న. ఫొటోలో నవ్వుతున్నది గంగన్న ఒక్కడే.

గంగన్నది జగిత్యాల వైపు. సైట్లలో సెంట్రింగ్ పని చేసేవాడు. రూమ్‌లో కింది మంచం సమీయుల్లాది, పైమంచం అతనిది. వంట వంతు ఇద్దరికీ ఒకే రోజు పడేది. సమీయుల్లా కూర వండితే గంగన్న ఉప్పు చూసి, "భాయ్, నువ్వు గోడకు లప్పం పెట్టినట్టే వండుతవ్," అనేవాడు.

ఏజెంటును పట్టుకొచ్చింది గంగన్నే. ముందు టూరిస్టుల్లాగా బుడాపెస్ట్‌కు వెళ్లాలి. అక్కడికి ఒక మనిషి వచ్చి సరిహద్దు దాటించి, పక్క దేశంలో పనిలో పెడతాడు. అక్కడ చల్లగా ఉంటుంది. జూన్ నెల ఎండలో బయటి గోడలకు రంగు వేస్తూ రెండుసార్లు కళ్లు తిరిగి పడ్డాక, ఇంకో వేసవి ఇక్కడ గడపలేనని సమీయుల్లాకు తెలిసిపోయింది. సరే అన్నాడు.

కంపెనీలో పాస్‌పోర్టులన్నీ ఆఫీసు బీరువాలో ఉంటాయి. సెలవు మీద వెళ్లేవాడికి రూమ్‌లోంచి ఒకడు జామీను నిలబడాలి. వెళ్లినవాడు తిరిగి రాకపోతే, వచ్చేదాకా జామీనున్నవాడి పాస్‌పోర్టు బీరువా దాటదు. ఈద్ ముందు సెలవు కాగితాలు గుట్టగా ఉన్నాయి. ఇంటికి పోతున్నామని ఇద్దరూ అర్జీ పెట్టుకున్నారు. సమీయుల్లాకు గంగన్న, గంగన్నకు సమీయుల్లా జామీను సంతకాలు చేశారు. మేనేజర్ చూసుకోలేదు. పాస్‌పోర్టులు చేతికొచ్చాయి.

టూరిస్టులు ఎట్లా ఉంటారో నేర్చుకోమని ఏజెంటు చెప్పాడు. ఒక శుక్రవారం ఇద్దరూ రేవు దగ్గరి మత్రాకు వెళ్లారు. అక్కడి సూక్ బజారులో సంచులు కొని వీపుకు తగిలించుకున్నారు. ఓడ దిగి వచ్చిన తెల్లవాళ్ల వెనకాలే సముద్రం ఒడ్డున నడిచారు.

"సిమెంట్ బస్తా మోసినట్టు వంగుతవేందే," అన్నాడు గంగన్న. "పైకి చూసుకుంట నడువు. ఆళ్లకు ఏ పనీ లేదు, గా సంగతి యాదుంచుకో."

"పైకి చూస్తే కాలు జారి పడ్త."

"పడ్డా నవ్వాలె. ఆళ్లు పడ్డా నవ్వుతరు."

బుడాపెస్ట్‌లో అట్లాగే పైకి చూస్తూ నడిచారు. ఆ మనిషి రోజూ రేపు వస్తానంటున్నాడు. ఒకేచోట కూర్చుంటే పోలీసులు అడుగుతారని భయం. అందుకని వంతెనల మీదుగా ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరిగారు. చర్చీల ముందు ఫొటోలు దిగారు. బ్రెడ్డు కొనుక్కొని నడుస్తూనే తిన్నారు. సంచి పట్టీలు భుజాలను ఒరుసుకుని చర్మం లేచింది. రాత్రి పడుకున్న హాస్టల్లో ఒక గదికి ఎనిమిది మంచాలు, ఒకదాని మీద ఒకటి. చుట్టూ పిల్లలు, చదువుకున్నవాళ్లు, నవ్వుకుంటూ పడుకున్నారు.

"అచ్చం మన లేబర్ క్యాంపే," అన్నాడు గంగన్న పైమంచం ఎక్కుతూ. "వీళ్లు సోకుకొచ్చి పండుతున్నరు సూడు."

చివరికి ఆ మనిషి రైల్వే స్టేషన్ మెట్ల దగ్గరికి వచ్చాడు. హిందీ మాట్లాడాడు. పేరు చెప్పలేదు. చెయ్యి చాపి, "పాస్‌పోర్ట్ దో," అన్నాడు.

గంగన్న వెంటనే తీసి ఇచ్చేశాడు. పని ఇచ్చేవాడి చేతికి పాస్‌పోర్టు ఇవ్వాలి. వాళ్లు గల్ఫ్‌లో దిగిన మొదటిరోజు నుంచి జరుగుతున్నది అదే. సమీయుల్లా చెయ్యి కూడా సంచిలోకి వెళ్లింది. పాస్‌పోర్టు వేళ్లకు తగిలింది కూడా. అప్పుడు అడిగాడు, ఏ ఊరు, ఏ కంపెనీ అని.

"వహాఁ జాకే మాలూమ్ హోగా," అన్నాడు ఆ మనిషి, అక్కడికి పోయాకే తెలుస్తుందని.

సమీయుల్లా చెయ్యి సంచిలోనే ఉండిపోయింది. ఆ మనిషి బండి దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. మిత్రులిద్దరికీ మాట్లాడుకోవడానికి అంత సమయమే దొరికింది.

"పాస్‌పోర్ట్ వాపస్ అడుగు గంగన్నా. తిరుగు టికెట్ ఉంది. పోదాం."

"ఏడికి? మళ్లా గా బిల్డింగు మీదికా?"

"నీకు జామీను నేనుంటిని."

"నీకు నేను గూడ ఉంటి గద. ఇద్దరం వాపస్ పోకపోతే మేనేజర్ ఎవలిని పట్టుకుంటడు భాయ్? ఒక్కడు పోతేనే గద దొరుకుడు."

గంగన్న వెళ్లి బండెక్కాడు. సమీయుల్లా మెట్ల దగ్గరే ఉండిపోయాడు. ఎందుకు తిరిగొచ్చారు, జామీను కోసమేనా అని నేను అడిగాను.

"భయమైంది బేటీ," అన్నాడు. "జామీను సంగతి విమానంల యాదికొచ్చింది."

మబేలాకు ఒక్కడే వచ్చాడు. అతని పాస్‌పోర్టు మళ్లీ బీరువాలోకి వెళ్లింది. "వో ఆయేగా, తుమ్ జాయేగా," అన్నాడు మేనేజర్, వాడొస్తేనే నువ్వు పోయేదని. కొన్ని వారాలయ్యాక ఇంకో దారి చూపించాడు. గంగన్న పారిపోయాడని రాసి సంతకం చేస్తే, అతని వీసా రద్దు చేసి, సమీయుల్లాను వదిలేస్తాడు. కానీ ఆ సంతకం పడితే గంగన్నకు ఒమన్ తలుపు మూసుకున్నట్టే. చెయ్యకపోయినా, ఆరు నెలలు దేశం బయట ఉంటే వీసా దానంతటదే పోతుంది. ఆలోపు వస్తే అతని పని అతనికి ఉంటుంది.

ఒకనాడు తెలియని నంబరు నుంచి గంగన్న ఫోన్ చేశాడు. ఎక్కడున్నాడో అతనికే తెలియదు. పెద్ద షెడ్డులో కోళ్లు కోసే పని. బోర్డుల మీద అక్షరాలు చదవరావట. పాస్‌పోర్టు అడిగితే కొట్టారట. సమీయుల్లా అతనికి మేనేజర్ కాగితం సంగతి చెప్పాడు.

"నేనొస్త భాయ్. ఎట్లనన్న వస్త. గప్పటిదాంక రాసియ్యకు."

"రాసియ్య," అన్నాడు సమీయుల్లా.

ఆ నెలలోనే ఇంటి నుంచి భార్య జమీలా ఫోన్. గర్భసంచి తీసేయాలని నిజామాబాద్‌లో డాక్టరు చెప్పాడు. అందులోని గడ్డ మంచిది కాదన్నాడు. ఆమెతో ఆసుపత్రికి వచ్చేవాళ్లు లేరు.

"ఆతే కీ నై, సాఫ్ బోలో," అంది. వస్తావో రావో తేల్చి చెప్పమని. కంపెనీ వదలడం లేదన్నాడు. ఒక్క సంతకం పెడితే వదులుతుందని చెప్పలేదు. మేనేజర్ రెండుసార్లు కాగితం ముందు పెట్టాడు. రెండుసార్లూ సమీయుల్లా పెన్ను ముట్టుకోకుండా లేచి వచ్చాడు. పక్కింటావిడ తోడుగా వెళితే జమీలాకు ఆపరేషన్ అయింది. ఆ తర్వాత చాలా రోజులు ఆమె ఫోన్ ఎత్తలేదు.

గంగన్న నుంచి మళ్లీ ఫోన్ రాలేదు. ఆరు నెలలు గడిచాయి. వీసా పోయింది. ఇక బీరువాలో ఉంచుకుని లాభం లేదని మేనేజర్ సమీయుల్లా పాస్‌పోర్టును బల్ల మీద పడేశాడు.

సమీయుల్లా ఇంటికి వెళ్లాడు. జమీలా బక్కచిక్కి, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. "ఇప్పుడెందుకొచ్చినవ్," అని మాత్రం అడిగింది. నాలుగు రోజులు అన్నం తనే వండి ఆమెకు పెట్టి, ఐదో రోజు గంగన్న ఊరికి బయలుదేరాడు. గంగన్న భార్య గౌరవ్వ బీడీలు చుడుతోంది. చాట పక్కన పెట్టి నీళ్లిచ్చింది. సమీయుల్లా జరిగింది మొత్తం చెప్పాడు. కాగితం సంగతి, తను సంతకం పెట్టని సంగతి, జమీలా ఆపరేషన్ సంగతి.

గౌరవ్వ చాట మళ్లీ దగ్గరికి లాక్కుంది.

"సంతకం పెట్టేదుంటివి భాయ్," అంది. "మస్కట్ మొకం మళ్ల సూడనని పొయ్యేటప్పుడే నాతోటి చెప్పిండు. నీకు గూడ చెప్పిండనుకున్న."

ఈ మాట చెప్పి సమీయుల్లా గోడ తడిమి చూశాడు. పూత ఇంకా ఆరలేదు.

"ఫోన్ల మాత్రం నిజంగనే ఏడ్చిండు బేటీ," అన్నాడు. "వస్త అన్నప్పుడు నిజంగనే వస్తననుకుని ఉంటడు."

ఆ మాట జమీలాకు కూడా చెప్పారా అని అడిగాను. కాగితం సంగతి తర్వాత చెప్పాడట గానీ, గౌరవ్వ అన్నది ఆమెకు ఇంతవరకు చెప్పలేదట. దోస్తు కోసమే రాలేకపోయాడని ఆమె ఇప్పుడిప్పుడే నమ్ముతోందట.